రేపు అనే మేకు

రుచితకి అయిదేళ్ళు. వాళ్ళమ్మ సంధ్య మొన్న వానాకాలంలో డెంగీ జ్వరంతో పోయింది. సూరత్‌లోని లింబాయత్‌లో మా బాల్వాడి ఉన్న గల్లీలో ఆ సంగతి అందరికీ తెలుసు, ఒక్క రుచితకి తప్ప.

దసరా సెలవుల తర్వాత పిల్లని మళ్ళీ దింపడానికి వచ్చిన రోజున వాళ్ళ నాయనమ్మ బాలవ్వ నన్ను గుమ్మం పక్కకి పిలిచింది.

"పిల్లకు జెప్పలే టీచర్. మీ అమ్మ ఊరికి వోయింది, రేపొస్తదని చెప్పినం. జర మీరు గూడ గదే అనుండ్రి."

"ఎన్నాళ్ళని చెబుతారమ్మా?"

"ఏం జెయ్యాలె? నా కొడుకు నోరు తెరుస్తలేడు. మిల్లుల సాంచాల మీదికి వోతడు, వస్తడు, పంటడు. నాకేమో ఆ మాట నోట్లకెల్లి వస్తలేదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న ముసలామెతో వాదించే గుండె లేదు. సరేనన్నాను.

మా ఆయన బ్యాంకు బదిలీ మీద సూరత్ వచ్చి ఆరేళ్ళయింది. వలసొచ్చిన తెలుగు నేత కుటుంబాల సంఘం నడిపే ఈ రెండు గదుల బాల్వాడిలో తెలుగు చెప్పడానికి చేరినప్పటినుంచీ నాకు ఒక్కటే శత్రువు: 'కల్' అనే మాట. హిందీలో నిన్నకీ అదే, రేపుకీ అదే. గుజరాతీ 'కాలే' కూడా దాని తోబుట్టువే. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఆ అలవాటుతోనే తెలుగులోకి వచ్చి "నిన్న డుమస్ బీచ్ పోతం", "రేపు భజియా తిన్నం" అంటారు. మొదట నవ్వొస్తుంది, తర్వాత ఒళ్ళు మండుతుంది. ముందు ఏమైంది, తర్వాత ఏమైంది అన్నదే కదా కథంటే. ఆ రెండూ కలిపేసే పిల్లలకి కథ ఎక్కణ్ణించి మొదలుపెట్టను?

అందుకని నేనే ఒక పాట కట్టాను.

నిన్న చినుకు రాలింది,
నేడు మొలక లేచింది,
రేపు పువ్వు పూస్తుంది,
పాప జడలో నవ్వుతుంది.

గోడకి పిల్లకి మూడు చొప్పున మేకులు కొట్టించాను: నిన్న, నేడు, రేపు. అట్టముక్కల మీద చినుక్కి దూది, మొలకకి పచ్చ నూలు, పువ్వుకి చీరముక్కలు అంటించి, పాట పాడుతూ వరసలో తగిలించాలి. చీరముక్కలకి మాకు కరువు లేదు, గల్లీ నిండా అవే. 'కల్' అన్నవాళ్ళకి ఆ పూట జిగురు సీసా ఇవ్వను. ఇంకో నియమం కూడా పెట్టాను. రోజూ పొద్దున రాగానే అట్టల్ని ఒక్కో మేకు జరపాలి. రేపు మీదున్నది నేడు మీదికి, నేడు మీదున్నది నిన్న మీదికి. రోజు గడవడమంటే ఏమిటో చేతులతో నేర్చుకుంటారని నా తెలివి.

రుచితకి మాత్రం వరస పట్టుబడలేదు. పువ్వుని తీసుకెళ్ళి నిన్న మీద పెట్టేది. ఒకరోజు "మమ్మీ నిన్న వస్తది టీచర్" అంది. పిల్లలు గొల్లుమన్నారు. "నిన్న వస్తుంది కాదు, రేపు వస్తుంది అనాలి" అని గద్దించాను. తప్పు దిద్దాననే అనుకున్నాను. నేనూ ఆ అబద్ధం చెప్పేశానని, ఇంటికి షేర్ ఆటోలో వెళుతుంటే గానీ తట్టలేదు.

నవంబరులో ఎవరి కథ వాళ్ళని చెయ్యమన్నాను. రుచిత ఇంటినుంచి ఎర్రపూల చీరముక్క తెచ్చుకుంది. సంధ్య చీర అది. పిల్లని దింపడానికి వచ్చినప్పుడు ఎన్నిసార్లు చూశానో. ఆ ముక్కతో చీర కట్టిన బొమ్మని చేసి, నల్లదారంతో జడ అంటించి, తిన్నగా వెళ్ళి రేపు మేకుకి తగిలించింది.

"రేపు మమ్మీ వస్తది."

మొట్టమొదటిసారి తప్పు లేకుండా చెప్పింది. మిగతా పిల్లలకైతే చప్పట్లు కొట్టించేదాన్ని. నాకు చేతులు రాలేదు.

మర్నాడు పొద్దున అందరూ అట్టలు జరిపారు. రుచిత కదల్లేదు. నేను చూడనట్టు ఊరుకున్నాను. పక్కన కూర్చునే అమూల్య ఊరుకోదు కదా, "టీచర్, రుచిత జరపలే!" అని అరిచింది.

"పోన్లే, ఈసారికి అక్కడే ఉండనీ" అన్నాను.

రుచిత నా మొహంలోకి చూసింది. "ఎందుకు టీచర్? అందరియి జరగాలె గద" అని లేచి, బొమ్మని నేడు మీద పెట్టింది. ఆ రోజంతా గుమ్మంవైపు తిరిగి కూర్చుంది. బయట చెప్పుల చప్పుడైన ప్రతిసారీ తల ఎత్తింది. ఒంటిగంటకి వచ్చింది బాలవ్వే.

"మమ్మీ ఇయ్యాల రాలే బాపమ్మా."

"రేపొస్తది బిడ్డా" అంది బాలవ్వ, నావైపు చూడకుండా. నేను జిగురు సీసాలు సర్దుకుంటూ ఉండిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడోరోజు రుచిత అందరికంటే ముందు వచ్చింది. నేడు మీంచి బొమ్మని తీసి, చేతిలో పట్టుకుని, ఖాళీగా ఉన్న రేపు మేకు వంక చాలాసేపు చూసింది. మళ్ళీ అక్కడే పెట్టెయ్యమ్మా అని మనసులో బతిమాలుకున్నాను. నా పాటా, నా నియమాలూ గంగలో కలిసినా ఫరవాలేదనిపించింది.

బొమ్మని నిన్న మీద తగిలించింది. జడ వంకరగా ఉంటే వేలితో సరిచేసింది.

"ఇప్పుడు కరెక్టేనా టీచర్?"

ఏడాదిగా ఆ వరస కోసమే గొంతు చించుకున్నాను. అవునన్నట్టు తల ఊపాను. కన్నీళ్ళు ఆగలేదు. రుచిత నా కొంగు పట్టుకుని కిందికి లాగింది. వంగాను. చెవి దగ్గర నోరు పెట్టి, మెల్లగా చెప్పింది.

"బాపమ్మకు చెప్పకుండ్రి టీచర్. బాపమ్మ ఇంకా రేపొస్తదనే అనుకుంటున్నది."