ముందు పడిన నవ్వు

జోక్ చెప్పారు. ఎవరూ నవ్వలేదు.

సరిగ్గా చెప్పాలంటే ఒక్కడు నవ్వాడు. ఆ జోక్ రాసిన లెక్కల టీచరు భర్త, మూడో వరుసలో. అతను లైట్లు వెలిగినప్పుడు కూడా నవ్వాడు కాబట్టి లెక్కలోకి రాడు.

కెమెరాల వెనక నిలబడిన ఆ టీచరు చేతిలో స్క్రిప్టు ఉండలా నలిగిపోయింది. స్కూల్లో మూడు నెలలు సెలవు పెట్టి ఈ టీవీ కామెడీ రచయితల దగ్గర శిష్యరికానికి చేరింది. షరతు ఒకటే. సెలవు అయ్యేలోగా ఆమె రాసిన ఒక్క సీనైనా ప్రసారం కావాలి. అయితే ఉద్యోగం. కాకపోతే సోమవారం మళ్లీ తొమ్మిదో తరగతి, బీజగణితం. ఆరు సీన్లు చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఇది ఏడోది. ఇవాళ శుక్రవారం.

ప్రతి ఎపిసోడ్‌నీ రెండుసార్లు ఆడతారు, రెండుసార్లూ కొత్త ప్రేక్షకులు. మొదటి ఆటలో ముగింపు తేలిపోయిన సీనుకి రెండో ఆటలో ఇంకొక్క అవకాశం. అప్పుడూ తేలిపోతే కత్తెరే.

"ఇరవై నిమిషాలు బ్రేక్!" అని డైరెక్టరు అరిచాడు. ఆమె వైపు చూడలేదు. ఆమెకు అందుకే భయం వేసింది.

మేకప్ గదిలో సీనియర్లిద్దరూ ఉన్నారు. గురువుగారు కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలారు. ఇరవై రెండేళ్లుగా జనాన్ని నవ్విస్తున్న మనిషి. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆయనతో కలిసి రాసే, అందరూ అక్క అని పిలిచే ఆవిడ స్టాప్‌వాచీ తుడుస్తోంది. నవ్వుల్ని సెకన్లలో కొలవడం ఆమె పని.

"ఏమైందక్కా?"

"ఏమవుతుంది, పోయింది. పాపం, బాధపడకుండా పోయింది."

"కాఫీ జోక్ మార్చేయనా?"

గురువుగారు కళ్లు తెరవలేదు. "జోక్ పేలకపోతే జోక్‌ని తిట్టకమ్మా. రెండు డైలాగులు వెనక్కెళ్లి చూడు."

ఆమె కూర్చోలేకపోయింది. నాలుగడుగులు వేస్తే గోడ, వెనక్కి నాలుగడుగులు వేస్తే తలుపు. నడుస్తూనే చదివింది.

సీను చిన్నది. చెవుడున్న తాతయ్య సోఫాలో కూర్చుని ఉంటాడు. వినపడదు కదా అని కొడుకూ కోడలూ ఆయన ఎదుటే మాట్లాడుకుంటారు, ఆయన్ని పెద్దకొడుకు ఇంటికి ఎలా సాగనంపాలా అని. "ఆయన గురకకి పక్కింటివాళ్లు కూడా లేచి కూర్చుంటున్నారండీ" అంటుంది కోడలు. తాతయ్య టోపీ ఎత్తి చెవిలోని కొత్త మిషను ప్రేక్షకులకు చూపించి, "నిన్ననే కొన్నా. ఇవాళే అమ్మేస్తా" అంటాడు. అక్కడ హాలు దద్దరిల్లింది. ఆ తర్వాత కోడలు వంగి ఆయన చెవిలో అరుస్తుంది, "మావయ్యగారూ! కాఫీ తాగుతారా?" తాతయ్య తాపీగా అంటాడు, "పెద్దాడింట్లో తాగుతాలేమ్మా."

ఆమె జోక్ అదీ. హాలు నిశ్శబ్దమైపోయింది కూడా అక్కడే.

రెండు డైలాగులు వెనక్కి వెళ్లింది. ఠక్కున ఆగిపోయింది.

తాతయ్యకు వినపడుతోందని మిషను దగ్గరే చెప్పేశారు. ఇక కాఫీ దగ్గర జనానికి కొత్తగా తెలిసేదేముంది? కానీ మిషను డైలాగు ఆమెది కాదు. నిన్న గురువుగారు జాలిపడి, "ఒక్క నవ్వైనా గ్యారంటీగా ఉండనీ" అంటూ తన చేత్తో రాసిచ్చారు.

బ్రేక్‌లో ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

"గురువుగారూ, మిషను తీసేయాలండీ."

"ఏ మిషను?"

"మీ మిషనే."

ఆయన కళ్లు తెరిచారు. "అక్కా, దానికెంతొచ్చింది?"

"ఆరు సెకన్లు."

"కాఫీకి?"

"వాళ్లాయన నవ్వింది కలపాలా?"

"విన్నావా? మిషను దగ్గరే సీను ముగించెయ్. డైరెక్టరు ఒప్పుకుంటాడు. సీనూ బతుకుతుంది, నీ ఉద్యోగమూ బతుకుతుంది."

"అప్పుడది మీ సీనండీ. వచ్చేవారం ఇంకోటి రాయమంటే ఎవర్ని అడిగి తేవాలి?"

"కాఫీకి మళ్లీ నవ్వు రాకపోతే?"

"స్కూలుకి పోతా."

"దీనికి తిక్కే" అంది అక్క.

గురువుగారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. "తాతయ్యకి నువ్వే చెప్పుకో. ఆయనకి ఆ డైలాగంటే ప్రాణం."

తాతయ్య వేషగాడు ముందు అలిగాడు. "ఆరు సెకన్ల నవ్వమ్మా! ఇంట్లో ఆరేళ్లకోసారి కూడా రాదు" అన్నాడు. టోపీ ఎప్పుడు ఎత్తాలో ఆమె అతని చెవిలో చెప్పింది. అతను తలూపాడు.

రెండో ఆట మొదలైంది. గురక డైలాగు వచ్చింది. ఇందాక హాలు దద్దరిల్లిన చోట ఇప్పుడు పొడిదగ్గు ఒక్కటి వినిపించింది. ఆమె పక్కనే గురువుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మావయ్యగారూ! కాఫీ తాగుతారా?"

తాతయ్య తొందరపడలేదు. కోడల్ని చూశాడు. కొడుకుని చూశాడు.

"పెద్దాడింట్లో తాగుతాలేమ్మా."

ఒక సెకను గడిచింది. ఏమీ లేదు. వెనక వరుసలో ఎవరో ఆవిడ "అమ్మో!" అంది. అంతే, హాలు విరగబడి నవ్వింది. ఆ నవ్వు తగ్గే లోపే తాతయ్య టోపీ ఎత్తి, మాట్లాడకుండా మిషను చూపించాడు. ఇంకో అల లేచింది.

అక్క స్టాప్‌వాచీ తిప్పి చూపించింది. పదకొండు.

"కోడలు కాఫీ దగ్గర తొందరపడింది. లేకపోతే పదమూడు" అన్నారు గురువుగారు. నవ్వలేదు.

డైరెక్టరు ఆ పేజీ మీద ప్రసారానికి టిక్కు పెట్టి తిప్పేశాడు.

ఆమె కారిడార్లోకి వచ్చి హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసింది. "సోమవారం నుంచి రానండీ. ఇక్కడ ఉద్యోగం ఖాయమైంది. నేను రాసింది విని నూట ఇరవై మంది నవ్వారు."

"ఇక్కడ నలభై మంది రోజూ నవ్వేవాళ్లు కదమ్మా, నువ్వు బోర్డు వైపు తిరగ్గానే" అంది హెడ్‌మిస్ట్రెస్.

ఫోన్ పెట్టేసి, ఆమె రచయితల గది వైపు గబగబా నడిచింది. వచ్చే శుక్రవారం సీనుకి ఇంకా ఒక్క ముక్కా తట్టలేదు.