నూనె సీసాలో స్పిరిటు

ఆ పొద్దు బాలలక్ష్మి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. పసుపు డబ్బా చంకలో పెట్టుకొని పసుపు కోసం వెతికింది. బోనం కుండకు సున్నం బొట్లు పెడుతూ పెడుతూ లేచి వెళ్లి వాకిట్లో మబ్బు చూసింది. వచ్చి కూర్చుని మళ్లీ లేచింది. చివరికి అత్త కనకవ్వకే విసుగొచ్చింది.

"జర ఒక్క తాన కూసో పిల్లా. నిన్ను జూస్తె నాకు కండ్లు తిరుగుతున్నయి."

కూర్చోవాలనే ఉంది ఆమెకు. మనసు కూర్చోనిస్తేగా. మొగుడు సదానందం మస్కట్‌లో ఉన్నాడు. ఇక్కడ హుస్నాబాద్‌లో తలుపులకూ సోఫాలకూ లక్క పాలిష్ పెట్టేవాడు, అక్కడా అదే పని. జీతం సరిగా ఇవ్వడం లేదని కంపెనీ వదిలేసి బయటపడ్డాడు. అట్లా చెప్పకుండా పారిపోయిన వాళ్లను గల్ఫులో 'కల్లివెల్లి' అంటారు. దొరికితే జైలు. "వేరే జాగల పని దొరకంగనే ఫోన్ జేస్త, ఫికర్ జెయ్యకు" అన్నదే చివరి మాట. ఆ తర్వాత ఎప్పుడు చేసినా స్విచ్చాఫ్.

వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకుంది. అది చాల్లేదు. పోయినేడు పోచమ్మ బోనాల్లో రైస్‌మిల్లు మలుపు దగ్గర ఆమె దీపం గాలికి ఆరిపోయింది, సదానందం కష్టాలు మొదలైంది ఆ తర్వాతే. ఈ ఏడు దీపం గుడిదాకా ఆరకుండా పోతే ఆయన క్షేమంగా ఉన్నట్టు, ఆరిందా లేనట్టు. ఈ పందెం పోచమ్మ వేయలేదు, బాలలక్ష్మే వేసుకుంది. దేవతలను అడక్కుండా వాళ్ల పేరు మీద పందేలు కాయడం మనకు కొత్తేమీ కాదు.

రాత్రంతా వాన. పొద్దున వాన తగ్గింది గాని గాలి తగ్గలేదు. నూనె దీపం వెలిగించి గడపలో పెట్టి చూసింది. ఒక్క విసురుకు పోయింది. మళ్లీ వెలిగించింది, మళ్లీ పోయింది. అప్పుడు గుర్తొచ్చింది, మెట్ల కింద సదానందం వదిలి వెళ్లిన స్పిరిటు డబ్బా. లక్క బిళ్లలు కరిగించి పాలిష్ చేయడానికి వాడే స్పిరిటు. అగ్గిపుల్ల చూపిస్తే చాలు, గిన్నెడుకు గిన్నెడు అంటుకుంటుంది. ఊదినా ఒక పట్టాన ఆరదు.

దాని గురించి సదానందం చెప్పని రోజు లేదు. పొయ్యి ఉన్న అర్రలోకి తేవద్దు. మూత తీసి పెట్టొద్దు. వాసన వస్తుందంటే గాలిలో స్పిరిటు ఉన్నట్టే, అగ్గిపెట్టె ముట్టొద్దు. మండుతున్న దాంట్లో చచ్చినా పోయొద్దు, మంట ధారను పట్టుకొని సీసాలోకి ఎక్కుతుంది. వేరే సీసాలో నింపొద్దు, ఎవరో ఒకరు ఇంకేదో అనుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, పగటిపూట ఎండలో దాని మంట కనిపించదు. ఇవన్నీ బాలలక్ష్మికి కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం? భయం పట్టిన మనిషికి తెలిసిన ముక్క పనికిరాదు.

దీపం నూనె పోసి ఉంచే సీసా నీలం రంగుది, లోపల ఏముందో కనిపించదు. దారిలో ప్రమిద నింపడానికి దాన్ని కనకవ్వే పట్టుకొని నడుస్తుంది. స్పిరిటు డబ్బాతో వెళ్తే ఊరంతా అడుగుతుంది కదా. అందుకని బాలలక్ష్మి సీసాలో నూనె గిన్నెలోకి ఒంపేసి, సీసా నిండా స్పిరిటు పోసింది. వాసన పోవడానికి గుప్పెడు ఊదు వేసి పొగ పెట్టింది. ఎప్పుడైనా ప్రమిద నింపేది మంట సన్నబడ్డప్పుడే, అది ఆరకముందే కదా అన్న మాట ఆ క్షణంలో ఆమె బుర్రకు తట్టలేదు. తట్టనివ్వలేదు అనడమే సరి.

చీకటి అర్రలో బోనం మీది ప్రమిదను ముట్టించింది. నీలంగా, నిండుగా, ప్రమిద అంచుల దాకా మంట. ఎంత ముద్దొచ్చిందో. "ఇగ పో గాలీ, నీ తరమా" అనుకుంది.

"ముట్టిచ్చినవా?" బయటి నుంచి కనకవ్వ.

"ముట్టిచ్చిన అత్తా." బోనం నెత్తికెత్తుకుని బయటికి నడిచింది.

సరిగ్గా డప్పులు మొదలయ్యేసరికి మబ్బు విచ్చింది. కండ్లు చెదిరే ఎండ. వరుసలో ఆడవాళ్లు, వేపమండలు, పక్కన కనకవ్వ ఒక చేతిలో నీళ్ల చెంబు, ఇంకో చేతిలో నీలం సీసా. నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. పొగా వెలుగూ లేని నిప్పు నెత్తిన పెట్టుకొని నడిచే దాన్ని ఏమనాలో ఏ సామెతా చెప్పలేదు.

రైస్‌మిల్లు మలుపు దగ్గర, కాలువ దాటించే మోరి మీద, వెనక బోనం ఎత్తుకున్న భూమవ్వ కేకేసింది.

"ఓ కనకవ్వా, మీ కోడలి దీపం పోయినట్టుందే."

అంతలో గాలి ఇటు మళ్లింది. బోనాన్ని పట్టుకున్న బాలలక్ష్మి మణికట్టుకు సుర్రున సెగ తగిలింది. దీపం పోలేదు. నిండుగా మండుతోంది. ఒక్క గడియ ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. ఆయన బాగున్నాడు!

"అవ్, కానొస్తలేదు," కనకవ్వ తలెత్తి చూసింది. "ఆగు పిల్లా, నూనె అయిపోయినట్టుంది. వోసి ముట్టిస్త." మోరి గోడ మీదికి ఎక్కింది. చెంబు పక్కన పెట్టింది. పొట్టి మనిషి, మునివేళ్ల మీద లేచి, మొహం ప్రమిద వైపు వంచింది. తల మీది నైలాన్ కొంగు గాలికి ఊగుతోంది. సీసా మూత తీసింది.

బాలలక్ష్మి చెప్పాలి. చెబితే డప్పులోళ్లు వింటారు, భూమవ్వ వింటుంది, ఊరు వింటుంది. పోచమ్మకు తలుపుల పాలిష్ స్పిరిటుతో దీపం పెట్టిన కోడలని తరతరాలు చెప్పుకుంటారు. తేలు కుట్టిన దొంగలా నోరు పెగల్లేదు. పెగిలేసరికి ఆలస్యమైంది.

"అత్తా, వొయ్యకు. దీపం పోలే."

"నా కండ్లు మంచిగనే ఉన్నయి తియ్."

"అది నూనె గాదు అత్తా, వొయ్యకు."

డప్పుల్లో ఆ మాట కలిసిపోయింది. సీసా వంగింది.

బోనం కింద పడితే ఇంటికి చేటు. ఆరిన దీపం కంటే వెయ్యి రెట్లు చేటు. ఆ సంగతి బాలలక్ష్మికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. రెండు చేతులా బోనాన్ని ఎత్తి, అత్తకు దూరంగా, మోరి అవతలికి విసిరేసింది.

కుండ పగిలింది. పసుపన్నం మట్టిలో చెల్లాచెదరైంది. డప్పులు ఆగిపోయాయి. అందరూ చూస్తుండగా కుండకు కట్టిన వేపాకు దానంతటదే ముడుచుకుంది, నల్లబడింది, పొడి అయింది. మంట మాత్రం ఎవరికీ కనిపించలేదు. కనకవ్వ కొంగు అంచు కూడా ఒకచోట కరిగి గట్టిగా ముద్ద కట్టింది.

బాలలక్ష్మి అత్త చేతిలోని సీసా గుంజుకొని మూత బిగించి, దూరంగా చెట్టు నీడన పెట్టి వచ్చింది. చెంబులో నీళ్లన్నీ ఆకుల మీద గుమ్మరించింది. సుయ్యిమని ఆవిరి లేచింది. అప్పుడు చెప్పింది, మొత్తం, తలవంచుకొని.

"అమ్మోరికి స్పిరిటు దీపమా," భూమవ్వ నోరు నొక్కుకుంది. "బోనం సుత పడేసినవ్. ఇగ ఆ ఇంటికి ఏమైతదో ఏమో."

కనకవ్వ మోరి గోడ మీద కూలబడింది. కాలిన కొంగు అంచును వేళ్లతో నలిపి చూసుకుంది.

"ఎందుకు జేసినవే?"

"దీపం పోతె ఆయనకేమన్న అయితదని."

"నాకు పరేషాన్ లేదనుకున్నవా? నేను ఫోన్ తలాపుకు వెట్టుకొని పండుకుంటున్న. మోగిందేమోనని లేచి లేచి సూస్తున్న." కోపమో ఏడుపో ఆమెకే తెలిసినట్టు లేదు. "నేను గీడ్నే కాలి సస్తె, రేపు వాడు ఫోన్ జేసి 'అవ్వకియ్యి' అంటె ఏం జెప్పేదానివి?"

ఆ మాట సూటిగా వెళ్లి బాలలక్ష్మికి తగిలింది. ఇన్నాళ్లూ ఆయన ఫోన్ వస్తే తను ఏం అడగాలో వందసార్లు అనుకుంది. ఆయన ఏం అడుగుతాడో ఒక్కసారీ అనుకోలేదు.

"ఇంటికి పోదాం అత్తా. ఏ మొకంతోని గుడికి పోతం?"

"ఉన్న మొకంతోనే." కనకవ్వ లేచింది. కోడలి చేయి పట్టుకుంది. కమిలిన మణికట్టు నొప్పి పుట్టి బాలలక్ష్మి మూలిగితే పట్టు జరిపింది గాని వదల్లేదు. డప్పులోళ్ల వైపు తిరిగి, "కొట్టుండ్రి. ఏం జూస్తుండ్రు?" అంది.

గుడి ముందు దీపాలతో బోనాలన్నీ వరుసగా దించి ఉన్నాయి. ఇద్దరూ ఉత్త చేతులతో నిలబడ్డారు. భూమవ్వ కాస్త జరిగి చోటిచ్చింది, అయిష్టంగానే. కనకవ్వ లోపల పోచమ్మ వైపు చూస్తూ, పక్కింటామెతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అవ్వా, బోనం మోరికాడ పడ్డది. నా పానం కోసం నా కోడలే పడేసింది. దీపం తేలే, దీన్ని తెచ్చిన. కోపమొస్తె నా మీద సూపియ్యి."

బాలలక్ష్మికి ఏడుపు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏదో మొక్కాలి, ఆయన పేరు తప్ప ఇంకేదీ నోటికి రావడం లేదు.

కనకవ్వ ఆమె తల మీద చెయ్యి వేసి వంచింది.

"వాని గురించి నేను అడుగుత తియ్. నువ్వు నీ గురించి అడుక్కో."