పిన్ని ఇంటి ముందు నీలం

ఈసారి ఊరంతటికీ ఒక్క బోరే వేస్తారు. ఎక్కడ వేయాలో చెప్పే పటం గీయడం నా ఉద్యోగం. అమ్మ వాళ్ళ వీధి రెండేళ్ళుగా ట్యాంకరు నీళ్ళ మీదే బతుకుతోంది కాబట్టి, ఆ పటం మీద నాకంటే అమ్మకే ఎక్కువ ఆశ.

రాతి పగుళ్ళు, నేల వాలు, మట్టి రకం ఒక్కొక్కటీ ఒక్కో పొర. వాటిని కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పరిచి, దేనికెంత విలువో చెబితే నీళ్ళుండే చోటు నీలంగా తేలుతుంది. ఆ విలువలు చెప్పాల్సింది మా పెద్దసారు. ముప్ఫయ్యేళ్ళ అనుభవం, ముక్కు మీద కోపం. రెండేసి చొప్పున పోల్చి ఏది ముఖ్యమో రాయమని కాగితమిస్తే టీ తాగుతూ నింపేశారు. వాలు కంటే పగుళ్ళు ముఖ్యమట, మట్టి కంటే వాలు ముఖ్యమట, పగుళ్ళ కంటే మట్టి ముఖ్యమట. అన్న కంటే నాన్న పొడుగు, తమ్ముడి కంటే అన్న పొడుగు, నాన్న కంటే తమ్ముడు పొడుగు అన్నట్టుంది. జవాబుల్లో ఇలా ఒకదానికొకటి పొసగని తేడా పది శాతం దాటకూడదు. నలభై రెండు వచ్చింది.

"సార్, మళ్ళీ ఒకసారి చూస్తారా?" అన్నాను.

"నేను చూస్తే చూసినట్టే. తేడా ఉంటే నువ్వే సర్దెయ్యి, సంతకం పెడతాను."

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. వాలు విలువ కాస్త పెంచాను. అమ్మ వీధి నీలమైంది, తేడా ఎనిమిది శాతానికి దిగింది. ఇక తప్పు పట్టే నాథుడు లేడు. కానీ అలవాటు కొద్దీ పాత బోర్ల పొర కూడా పరిచాను. ఆ వీధిలో మూడు బోర్లు, మూడూ ఎండినవే. సిగ్గేసింది. పగుళ్ళకు పెద్దపీట వేసి మళ్ళీ గీస్తే, చుట్టుపక్కల పొలాల్లో నీళ్ళున్న బోర్లన్నీ నీలంలో పడ్డాయి. అన్నిటికంటే ముదురు నీలం పక్క వీధిలో, పిన్ని ఇంటి ముందు.

పిన్నీ అమ్మా తోడికోడళ్ళు. ట్యాంకరు దగ్గర ఎవరి బకెట్టు ముందన్న గొడవలో మాటలు మానేసి ఏడాదిన్నరైంది.

పెద్దసారు పటం చూసి, "నేను చెప్పింది ఇదేగా" అంటూ సంతకం పెట్టేశారు. అమ్మకు ఫోన్ చేశాను.

"మన వీధిలో నీళ్ళు లేవమ్మా."

"గీసేది నువ్వే కదే."

"రంగేస్తే నీళ్ళొస్తాయా? పిన్ని ఇంటి ముందు ఉన్నాయి."

అమ్మ ఏడుస్తుందేమోనని భయమేసింది.

"ఎప్పుడేస్తారు?"

"సోమవారం."

"బుధవారం దాకా ఆపించు" అంది అమ్మ. "నీళ్ళు పడకముందే మీ పిన్నితో మాట్లాడాలి. పడ్డాక వెళ్తే బకెట్టు కోసం వచ్చాననుకుంటుంది."