మిల్లు నడవదని చెప్పిన లెక్క

నేను ఒక సైంటిఫిక్ కాలిక్యులేటర్ని. ఎక్కడ పుట్టానో నా వీపు మీద అచ్చువేసి ఉండేది గానీ, చేతుల చెమటకు అదెప్పుడో చెరిగిపోయింది. మొదట నన్ను కొన్న కుర్రాడు పరీక్షలప్పుడు నాకు కుంకుమ బొట్టు పెట్టేవాడు. పాఠం మాత్రం చదివేవాడు కాదు. ఫెయిలైన కోపంలో నన్ను జూనియర్ హైమావతికి ఇచ్చేసి పోయాడు.

హైమావతిది మెకానికల్ చివరి సంవత్సరం. ఆమె తండ్రి గౌరీశ్వర్రావు విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో మగ్గం మీద పనిచేసేవాడు. ఆ ఏడాది నష్టాలొస్తున్నాయని యాజమాన్యం మిల్లు మూసేస్తామంది. కార్మికులు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. అప్పుడే హైమావతికి ఇంజనీరింగ్ ఎకనామిక్స్ మొదలైంది. ఎంత సరుకు అమ్మితే ఖర్చులు గిట్టుతాయి, పాత యంత్రాన్ని ఎప్పటిదాకా నడపొచ్చు, ఇలాంటివి లెక్కకట్టి చెప్పే సబ్జెక్టు అది. మిగతావాళ్లు ఆవులిస్తుంటే ఆమె ముందు బెంచీలో కూర్చుని వినేది. ప్రాజెక్టుకు తండ్రి మిల్లునే ఎంచుకుంది. దాన్ని నడపొచ్చని రుజువు చేయాలని ఆమె ఆశ. గౌరీశ్వర్రావు ఆ సంగతి టెంటులో అందరికీ చెప్పుకున్నాడు.

మిల్లు ఆఫీసువాళ్లు అడగ్గానే అంకెలిచ్చారు. ఆమె నొక్కింది. నష్టమని చెప్పాను. కరెంటు ఖర్చు తగ్గించి చూసింది, నష్టమే. కొత్త మగ్గాలు పెడితే ఎలా ఉంటుందో చూసింది. ఇంకా నష్టం. సమాధానం నచ్చకపోతే మనుషులు, తప్పు నాదే అన్నట్టు, అవే మీటలు మరింత గట్టిగా నొక్కుతారు. ఆమె కూడా అలాగే నొక్కింది.

ఆదివారం నన్ను సంచిలో వేసుకుని టెంటుకు వెళ్లింది. తండ్రి ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

“ఏటి తేలిందమ్మా?”

“నడవదు నాన్నా. ఎలా కట్టినా నడవదు.”

ఆయన టెంటు లోపలికి వెళ్లి తనవాళ్లకు తనే చెప్పాడు.

“మా పాప లెక్క కట్టింది. నడవదంట.”

యాజమాన్యం నెలల తరబడి చెప్పినా నమ్మని మనుషులు ఆ ఒక్క మాటను నమ్మారు. వారం తిరక్కుండా టెంటు విప్పేసి, ఇచ్చినంత పుచ్చుకుని సంతకాలు పెట్టేశారు.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆమెను మెచ్చుకుని, ఈ అంకెలు ఎక్కడివని అడిగాడు. మిల్లు ఆఫీసు ఇచ్చిందంది.

“ముడిసరుకు గోగునార నిజంగా ఆ ధరకే కొన్నారా? సరిచూశావా?”

ఆమె లేదని తల ఊపింది. స్టూడెంట్లకు అంత అవసరం లేదులే అని ఆయన నవ్వేసి, క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు వేశాడు. నాలో ఎన్నో మీటలున్నాయి. ఇచ్చిన అంకె నిజమా అని అడిగే మీట మాత్రం లేదు.

సరిచూద్దామని ఆమె మిల్లుకు పరుగెత్తింది. గేటుకు తాళం వేసి ఉంది. ఆఫీసు ఖాళీ చేశారు. కాగితాలు ఎటు పోయాయో కాపలావాడికి తెలియదు. తండ్రికి ఆమె ఇదేమీ చెప్పలేదు. ఆయన ఇప్పుడు విశాఖలో ఒక అపార్ట్‌మెంటు ముందు వాచ్‌మన్. కూతురి మార్కుల గురించి అక్కడివాళ్లకు గొప్పగా చెబుతాడట.

చదువు ముగిశాక ఆమె నన్ను డిపార్ట్‌మెంటు బీరువాలో, తన ప్రాజెక్టు రిపోర్టు పక్కన వదిలేసి వెళ్లింది. నా బ్యాటరీ అయిపోయింది. ఆ రిపోర్టును మాత్రం ఏటా బయటికి తీస్తారు, లెక్క ఇలా కట్టాలని జూనియర్లకు చూపించడానికి.