గోడ మీద పడని బొమ్మ

లాప్‌టాప్‌లు బాగుచేసే ఆ దుకాణంలో అతణ్ణి అందరూ పెంగ్విన్ అనే పిలుస్తారు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, లోపలి రాతంతా విప్పి చూసుకోగల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అంటే అతనికి ప్రాణం. దాని గుర్తు పెంగ్విన్. అతని నడక కూడా అలాగే ఉంటుందని దుకాణం పెద్దాయన అంటాడు గానీ, ఆయన మాటలకేం. అడిగినా అడక్కపోయినా లాప్‌టాప్ కొనేవాళ్లకు సలహా చెప్పకపోతే అతనికి అన్నం సయించదు.

వదిన మాత్రం అడిగి మరీ చెప్పించుకుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఆవిడ చేసిన తప్పు అదొక్కటే.

ఆవిడ నీటి సరఫరా ఆఫీసులో గొట్టాల నక్షాలు గీస్తుంది. ఎనిమిదేళ్లుగా టెంపరరీ ఉద్యోగమే. ఇన్నాళ్లకు ఒక పర్మనెంట్ పోస్టు పడింది. ఎవరి లాప్‌టాప్ వాళ్లే తెచ్చుకుని, ఐదుగురు ఇంజనీర్ల ముందు తాము గీసిన నక్షాను ప్రొజెక్టర్‌లో చూపించి వివరించాలి. ఆ ఆఫీసులో వాడేది లినక్సే కాబట్టి, దాంతో పనిచేసే లాప్‌టాప్ కావాలి.

"చూడు మరిదీ, నాకు హంగులేం వద్దు. తెరవగానే పనిచెయ్యాలి, గోల చెయ్యకూడదు, గోడ మీద బొమ్మ పడాలి. అంతే!" అంది.

సరిగ్గా అలాంటిది దుకాణంలోనే ఉంది. బొమ్మను తెరమీదికి తెచ్చే గ్రాఫిక్స్ చిప్ అందులో ప్రాసెసర్‌తోనే కలిసి ఉంటుంది. దాన్ని నడిపించే ప్రోగ్రాం, అదే డ్రైవర్, లినక్స్‌తోపాటే వస్తుంది, వేరే తంటా ఏమీ లేదు. "ఆవిడ గీసేవి గీతలేగా, ఇది చాలురా," అన్నాడు పెద్దాయన. ఆ సంగతి అతనికి తెలియక కాదు. ఇంకెవరడిగినా అదే చెప్పేవాడు.

కానీ దాని పక్కనే ఇంకోటుంది. అందులో రెండు చిప్‌లు. ఒకటి మామూలుది, రెండోది పెద్ద పెద్ద ఆటలకు పనికొచ్చే బలమైనది. ఆ రెండోదాని గుట్టు తయారుచేసినవాళ్లు బయటపెట్టరు, డ్రైవర్ విడిగా తెచ్చి వేసుకోవాలి. లినక్స్‌కు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది అలిగి కూర్చుంటుంది. దాన్ని బుజ్జగించి దారికి తేవడమంటే అతనికి మహా సరదా. ఆరు నెలలుగా దానిమీద కన్నేసి ఉన్నాడు. వదిన కొంటే, ఆదివారాలు అన్న ఇంటికి వెళ్లి ఆటలాడుకోవచ్చు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వదిన సొమ్ముతో మరిది ముచ్చట తీర్చుకోవాలనుకున్నాడు.

"నక్షాలకైతే ఇలాంటిది ఉండాలి వదినా," అన్నాడు. పెద్దాయన అతని వైపు ఒకసారి చూసి, స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

వదిన అదే కొనుక్కెళ్లింది. వారం తిరక్కుండా ఫోన్ చేసింది. ఫ్యాను రొద భరించలేకపోతోందట, ఛార్జింగ్ మధ్యాహ్నం దాకా కూడా ఆగడం లేదట. అతను వెళ్లి ఆ బలమైన చిప్‌ను ఒక్క కమాండ్‌తో ఆపేశాడు. రొద పోయింది, ఛార్జింగ్ నిలిచింది. నక్షా తెరిచి చూశాడు, బొమ్మ చక్కగా ఉంది. "ఏం చేశావు?" అని వదిన అడిగితే, "ఏదో చిన్న సర్దుబాటులెండి," అని గొప్పగా చేతులు దులుపుకున్నాడు. ప్రొజెక్టర్ కేబుల్ మాత్రం పెట్టి చూడలేదు. ఊళ్లోవాళ్ల లాప్‌టాప్‌లకు ముందుగా అది చూసే మనిషి, సొంత వదిన దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాడు.

ఇంటర్వ్యూ రోజు పదకొండు గంటలకు, అతను ఒకాయన కీబోర్డు విప్పి మీటలు తుడుస్తుండగా ఫోను మోగింది.

"మరిదీ, గోడ మీద బొమ్మ పడటంలేదు," అంది వదిన. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. వెనకాల కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

అతనికి క్షణంలో అర్థమైపోయింది. అలాంటి లాప్‌టాప్‌లలో బయటి తెరకు వెళ్లే సాకెట్ తరచు ఆ రెండో చిప్‌కే కలిపి ఉంటుంది. చిప్ ఆపేస్తే సాకెట్ కూడా చచ్చినట్టే. ఒక్క కమాండ్ కొట్టి రీస్టార్ట్ చేస్తే బొమ్మ పడుతుంది, మూడు నిమిషాల పని. కానీ ఆ మాట చెప్పాలంటే, ఆపింది తనేనని చెప్పాలి. ఎదురుగా కీబోర్డు ఆయన, పక్కన పెద్దాయన, అవతల ఐదుగురు ఇంజనీర్లు.

"కేబుల్ సరిగ్గా పెట్టారా వదినా?" అన్నాడు.

"పెట్టాననుకుంటా."

"ఒకసారి తీసి మళ్లీ పెట్టండి."

"సరే," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. అతను నిమిషం ఆగాడు, ఇంకో నిమిషం ఆగాడు. అప్పటికి బుద్ధి వచ్చి తిరిగి చేస్తే, ఆవిడ ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాడు. కీబోర్డు ఆయన, "ఏమైనా కంగారా బాబూ?" అని అడిగితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనేం చేశానండీ?" అన్నాడు.

సాయంత్రం అన్న ఇంటికి వెళ్లాడు. వెళ్లే ముఖం లేదు, వెళ్లకుండా ఉండే ధైర్యం అంతకన్నా లేదు. అన్న ఇంకా పని నుంచి రాలేదు. వదిన వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. లాప్‌టాప్ బల్లమీద మూసి ఉంది, పక్కనే చుట్ట చుట్టిన కేబుల్.

"రా మరిదీ. నీ పరువు తీశాను," అంది.

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"పది నిమిషాలు ఆ కేబుల్‌తోనే కుస్తీ పట్టాను. తీశాను, పెట్టాను, తిరగేసి పెట్టాను. చివరికి ఐదుగురూ వచ్చి ఈ చిన్న తెర చుట్టూ మూగారు. ఏం కనిపిస్తుంది చెప్పు? 'మా మరిది అంతా సరిగ్గానే పెట్టిచ్చాడండీ, నాకే వాడటం చేతకాలేదు' అన్నాను. ఒకాయన నవ్వాడు, ఆడలేక మద్దెల ఓడు అనలేదు, నయమే అని. నా కాగితం మీద ఏం రాశారో తెలుసా? గీత బాగుంది, కంప్యూటర్ మీద పట్టు చాలదు, అని. పోస్టు ఇంకొకరికి ఇచ్చారు."

మద్దెల నిజంగానే ఓటిది. ఏరికోరి ఓటిదాన్ని ఆవిడ చేతికిచ్చింది అతనే. సిగ్గుతో చచ్చిపోయాడు. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాడు. మామూలు లాప్‌టాప్ చాలునని తెలిసీ రెండోది అంటగట్టడం, ఆదివారాల ఆటలు, చిప్ ఆపడం, సాకెట్ సంగతి. ఒక్కటీ దాచలేదు.

వదిన గిన్నె కింద పెట్టింది.

"నేను ఫోన్ చేసినప్పటికే నీకు తెలుసా?"

"తెలుసు వదినా."

"అప్పుడు చెప్పుంటే?"

"మూడు నిమిషాల్లో పడేది."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఆ కేబుల్ వంక చూసింది. "తప్పు చిప్ కొనిపించావు, పోనీలే. కుర్రతనం, ముచ్చటపడ్డావు అనుకుంటాను. కానీ అంతమంది ముందు నన్ను కేబుల్ పీకి పెట్టమన్నావు చూడు మరిదీ..." అని గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"రేపు నేనొచ్చి ఆ ఇంజనీర్లకి చెప్తాను. తప్పంతా నాదేనని రాసిస్తాను."

"వద్దు. వెనకేసుకురావడానికి మరిదిని తీసుకొచ్చిందంటారు."

చేసింది చెప్పుకుంటే బరువు తగ్గుతుందని ఎవరన్నారో గానీ, అతనికి తగ్గలేదు. తగ్గాల్సింది ఆవిడ బరువు. దాన్ని దించడం ఇక అతని చేతిలో లేదు.

రెండు వారాల తరవాత వదిన దుకాణానికి వచ్చింది. ఆ రెండు చిప్‌ల లాప్‌టాప్‌ను అతని బల్లమీద పెట్టి, "నువ్వే ఉంచుకో. ఆదివారాలే ఎందుకు, రోజూ ఆడుకో," అంది. మాటలో కోపం లేదు. అందుకే అతనికి ఇంకా కష్టంగా తోచింది.

ఆ తరవాత పెద్దాయన వైపు తిరిగి, మొదట ఆయన చూపించిన మామూలుదాన్ని ఇమ్మంది.

"మంచిది వదినా. ఒకటే చిప్, బయటి తెర సాకెట్టూ దానికే ఉంది. లినక్స్‌లో ఏ ఇబ్బందీ ఉండదు," అన్నాడు పెంగ్విన్. ఈసారి ప్రతి ముక్కా నిజమే. వదిన దానికోసం వస్తోందని తెలిసి, పొద్దున్నే ప్రొజెక్టర్‌కు తనే పెట్టి చూశాడు కూడా.

వదిన తల ఊపింది. సంచిలోంచి తన కేబుల్ తీసింది. దుకాణంలో ఉన్న ప్రొజెక్టర్‌కు ఒక కొస, లాప్‌టాప్‌కు ఒక కొస తానే తగిలించి, గోడ వైపు తిరిగి నిలబడింది.