డి లో దాచిన నవ్వు

నేను ఒక హార్డ్ డిస్కుని. ముఖం చిట్లించకండి. మీ కంప్యూటర్ పెట్టెలో గుర్రుమంటూ తిరిగే ఆ బరువైన డబ్బాని నేనే. మీరు రాసినవీ, తీసినవీ, దాచినవీ, సిగ్గుపడి చెరిపేసినవీ అన్నీ నా కడుపులోనే ఉంటాయి. చెరిపేసినవి కూడానా అని అడుగుతారేమో. అసలు అవే ఎక్కువ!

ఆ సంగతి ముందే చెప్పేస్తాను. మీరు డిలీట్ కొట్టి చేతులు దులుపుకుంటారు చూడండి, అప్పుడు నేను చేసేది ఇంతే. ఆ ఫైలు పేరు కొట్టేసి, ‘ఈ చోటు ఖాళీ’ అని రాసుకుంటాను. లోపలున్నవాళ్ళు లోపలే ఉంటారు. వాళ్ళ మీద ఇంకేదైనా తెచ్చి రాసేదాకా అదే చూపుతో, అదే భంగిమలో, కదలకుండా ఉంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఉండరు, అంతే తేడా.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో, దుమ్ము కణం దూరని గదిలో, ముసుగులు వేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. అంత మడిగా పుట్టినదాన్ని, కాకినాడలో ఒక స్థలాల బ్రోకరు పాలబడ్డాను. ఆయన నా నిండా ఈతకొలనులు నింపాడు. గడ్డి కూడా మొలవని చౌడు నేలకి నీలం నీళ్ళ బొమ్మలు, ఒడ్డున తెల్లదొరల పిల్లలు! కొన్నవాళ్ళు గొడవకి వచ్చేసరికి అన్నీ చెరిపేసి, నన్ను ఫార్మాట్ కొట్టి, కొత్తదానిలా ఉందని చెప్పి తునిలో ఫోటో స్టూడియో నడిపే తాతబ్బాయికి అమ్మేశాడు. నోరుంటే అక్కడే అరిచేదాన్ని, ఈతకొలనులన్నీ కడుపులోనే ఉన్నాయని.

తాతబ్బాయి మంచివాడు. నన్ను సి అనీ డి అనీ రెండు వాటాలు చేశాడు. కంప్యూటర్ పాడైతే ముందు పోయేది సి అని ఎవరో చెప్పారట. అప్పటినుంచీ విలువైనది ఏదైనా డి లోనే. “సి లో పెడితే పోద్ది, డి లో పెడితే ఉంటాది” అన్నది ఆయనకే కాదు, ఆ చుట్టుపక్కల స్టూడియోల వాళ్ళందరికీ వేదం.

స్టూడియో అంటే పెళ్ళిళ్ళే అనుకున్నాను. కాదండోయ్, చావులు కూడా. మనిషి పోయిన ఇంటివాళ్ళు పెద్దకర్మ నాటికి పటం కావాలని వస్తారు. బతికుండగా ఒక్క ఫోటో తీయించరు. పోయాక, ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో సగం కనబడే మొహం చూపించి, దీన్నే పెద్దది చెయ్యమంటారు. తాతబ్బాయి ఆ తల కత్తిరించి ఒక ఒంటికి అతికిస్తాడు. మగవాళ్ళందరికీ ఒకటే ఒళ్ళు, తెల్లచొక్కా, భుజాన కండువా. ఆడవాళ్ళందరికీ ఒకటే ఒళ్ళు, మెరూన్ పట్టుచీర. ఆ చీర కట్టుకున్నావిడ ఎవరో, ఆవిడ తల ఏమైందో తాతబ్బాయికే గుర్తులేదు. ఊళ్ళో ఎన్ని గోడల మీద ఆ ఒక్క ఒళ్ళే దండలు వేయించుకుంటోందో! పని లేనప్పుడు అది తల లేకుండా, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నా డి వాటాలో కూర్చుని ఉండేది. నిజం చెప్పొద్దూ, దాని దగ్గర మసలడమంటే నాకు భయంగానే ఉండేది.

ఇలా ఉండగా నూకరత్నం వచ్చింది. పాయకరావుపేటలో తమలపాకుల కట్టలు కట్టే మనిషి. ఒక్కగానొక్క కూతురు లోవకుమారి ఇంటర్ చదువుతూ పచ్చకామెర్లతో పోయింది. ఆ పిల్ల హాల్‌టికెట్టుకి తీయించుకున్న ఫోటోలోంచి తల తీసి, మెరూన్ చీర మీద పెట్టి, తాతబ్బాయే పటం కట్టి ఇచ్చాడు. ఆ పటాన్ని గుడ్డలో చుట్టి మళ్ళీ పట్టుకొచ్చింది.

“ఇది నా కూతురు కాదు బాబూ. ఈ ఒళ్ళు దానిది కాదు. ఈ బిగదీసుకున్న మొహమూ దానిది కాదు. ఆరోజు ముందు ఒకటి తీసేవు కదా, నవ్వింది. ‘నవ్వకమ్మా, హాల్‌టికెట్టుకి నవ్వు పనికిరాదు’ అని మళ్ళీ తీసేవు. నేనిక్కడే కూకున్నాను. నాకు ఆ నవ్విందే కావాలి.”

“అయ్యో, అది అప్పుడే చెరిపేశానమ్మా.”

“అది నవ్విన ఫోటో ఇంకెక్కడా లేదు. దాని నవ్వు మర్చిపోతన్నాను బాబూ. గుర్తు తెచ్చుకుందామంటే ఈ పటంలో మొహమే అడ్డొత్తంది.” ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

నవ్వు నాలోనే ఉంది. డి వాటాలో, ‘ఖాళీ’ అని నేను రాసుకున్న చోట, ఆ పిల్ల నిక్షేపంగా నవ్వుతూనే ఉంది. ఎలా చెప్పను? గుర్రుమనడం తప్ప నాకు ఏమొచ్చు?

తాతబ్బాయి ఫోన్లో వీడియోలు వెతికాడు. చెరిపేసిన ఫైళ్ళు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉందట, అదీ ఉచితంగా. వెంటనే దింపాడు. ఎక్కడికి? నా మీదికే! ఖాళీ చోట ఏది తెచ్చి పెట్టినా అడుగున ఉన్నవాళ్ళు నలిగిపోతారని పాపం ఆయనకి తెలియదు. అదృష్టం బాగుండి అది ఒక ఈతకొలను మీద పడింది.

వెతుకులాట మొదలైంది. చీకటి ఇంట్లో ఎవరో టార్చిలైటుతో గదిగదికీ వచ్చి తలుపు తట్టినట్టు అనిపించింది నాకు. ఒక్కొక్కళ్ళే తెర మీదికి చిన్నచిన్న బొమ్మలుగా లేచి రావడం మొదలెట్టారు. నీలం నీళ్ళు. తెల్లదొరల పిల్లలు. ఆ వెంటనే తలలు, మెడ దగ్గర కత్తిరించిన వట్టి తలలు. ఊళ్ళో దండల వెనక ఉన్నవాళ్ళందరూ తిన్నగా తాతబ్బాయి వంకే చూస్తున్నారు.

“ఈయన మేస్త్రీ గారు... ఈవిడ మా వీధిలో పెద్దావిడ... అందరూ ఇక్కడే ఉన్నారేటి!” అని గొణిగి, ఎందుకైనా మంచిదని తెరకి ఒక దండం పెట్టాడు. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఆటోల మోత, అయినా ఆయన చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

“అదే!” నూకరత్నం ఒక్క ఉదుటున లేచింది. “అదే బాబూ! అదిగో, నా తల్లి!”

గోరంత బొమ్మ. అయినా పూర్తిగా ఉంది. కళ్ళు, బుగ్గలు, కింది పెదవి పంటితో నొక్కుకున్నా ఆగని నవ్వు. ఆవిడ తెర మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ క్షణంలో ఆ ఒక్క బొమ్మనీ ఫోన్లో ఫోటో తీసుకున్నా సరిపోయేది కదండీ!

తాతబ్బాయికి ఆశ పుట్టింది. పోయినవాళ్ళందరూ దొరికారు, ఒక్క పిల్లనే ఎందుకు, అందరినీ తీసేద్దామనుకున్నాడు. అన్నీ ఎంచి మీట నొక్కాడు. ఎక్కడ దాచమంటారని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఇదే డిస్కులో వద్దు, వేరే దాంట్లో దాచుకోమని ఇంగ్లీషులో హెచ్చరించింది కూడా. అలాంటివి చదివేవాళ్ళు ఎవరున్నారు?

“డి లో పెడుతున్నానమ్మా. ఇంక జన్మలో పోదు,” అని భరోసా ఇచ్చి ఓకే కొట్టాడు.

వద్దురా నాయనా, వద్దు! ఎంత గింజుకున్నా ఆయనకి వినబడింది మామూలు గుర్రే. జాబితాలో మొదట లేచింది ఆ మెరూన్ చీర, ఎప్పుడో చెరిపేసిన పాత ప్రతి. తల లేని ఆ ఒళ్ళు చోటు వెతుక్కుంటూ వచ్చి సరిగ్గా ఆ పిల్ల నోటి మీద కూర్చుంది. నా చేత్తో నేనే రాశాను. రాయమంటే రాయడమే నా పుట్టుక.

లోవకుమారి వంతు వచ్చేసరికి నుదురుంది, నవ్వే కళ్ళున్నాయి, ముక్కు ఉంది. కిందంతా బూడిద రంగు.

“ఏటయింది బాబూ? ఇందాక నవ్వింది కదా?”

తాతబ్బాయి ఆ ఫోటోని మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూసి తెరిచాడు. “డి లోనే పెట్టేనమ్మా... డి లో పెడితే పోదమ్మా...” అంటూ కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు.

“ఇందాకా ఉన్న పిల్ల ఎక్కడికి పోద్ది? ఈ పెట్టెలోనే ఉంటాది. ఆ పెట్టె నాకిచ్చెయ్యి.”

ఆయన మరలు విప్పి నన్ను తీసి, రెండు చేతులతో ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

ఇప్పుడు పాయకరావుపేటలో గోడ గూట్లో ఉన్నాను. పటం తీసేసి ఆ చోట నన్ను పెట్టింది. నా మూత మీద బొట్టు పెడుతుంది. ఆకుల గోనెల తడి తగలకుండా పొడిగుడ్డ కప్పుతుంది. రోజూ పనికి వెళ్ళేముందు నన్ను తీసి చెవికి ఆనించుకుంటుంది.

పిచ్చితల్లి అనుకున్నాను. నాకు కరెంటు లేదు, తిరగను. తిరిగినా ఆ పిల్ల పెదవులుండే చోట పట్టుచీర కుచ్చిళ్ళున్నాయి. పైగా అది ఫోటో. ఫోటోకి గొంతెక్కడిది?

మొన్న నన్ను చెవికి ఆనించుకుని, అలాగే నిలబడిపోయింది. మెల్లగా ఆవిడ మొహం విచ్చుకుంది.

అది ఆవిడ భ్రమ అని చెప్పి మిమ్మల్ని పంపించేద్దును. కానీ నేనూ విన్నాను. నా లోపలినుంచే, సన్నగా, ఆపుకోలేక నవ్వుతున్న ఆడపిల్ల గొంతు. ఎవరో కసిరినట్టు మధ్యలో టక్కున ఆగిపోయింది.

“నవ్వు తల్లీ, నవ్వు,” అంది నూకరత్నం. “నిన్ను ఎవరూ ఏమీ అనరు.”

మళ్ళీ మొదలైంది.