శుక్రవారం పడమటి ప్రయాణం

మా అత్త పంకజంతో వేగడం నా తరం కాదు. ఆ రోజు అన్నానగర్‌లో మా అమ్మాయి జననికి వాళ్ల అత్తగారింట్లో సీమంతం. పదిన్నరకు రాహుకాలం వచ్చేలోగా మొదటి గాజు వాళ్ల అవ్వే, అంటే మా అత్తే, తొడగాలని జనని పట్టు. ఆమె ఎత్తుకుని పెంచిన పిల్ల మరి. మా ఆయన సారె తట్టలతో ముందే వెళ్లిపోయాడు. సౌకార్‌పేట ఇంట్లో అత్త మాత్రం మంచం దిగనంది. శుక్రవారం పడమట శూల, ఆ దిక్కుకు ప్రయాణం కూడదట. అన్నానగర్ మాకు పడమరే. ముందురోజే పోదామంటే వానకు వీధిలో మోకాలిలోతు నీళ్లు.

"రవంత బెల్లం నోట్లో ఏసుకుంటే దోషం పోతుందంట కదా అత్తా?"

"నాకు షుగరుండేది మరిచిపోతివా?"

ఈలోగా జనని ఫోను. "అవ్వ రాకుంటే నేను చెయ్యి చాపనమ్మా," అంది. గొంతులో ఏడుపు. నాకు ఒళ్లు మండింది. అత్తను ఆటో ఎక్కించి సెంట్రల్ మెట్రో స్టేషన్‌కు తీసుకెళ్లాను. అది దక్షిణం కాబట్టి పేచీ పెట్టకుండా వచ్చింది.

"మెట్రో భూమి కింద పోతుంది అత్తా. ఆడ దిక్కులే ఉండవు," అన్నాను.

"సూర్యుడు కనపడకుంటే పడమర ఏడికి పోతుంది? నా చెవిలో పూలు పెట్టొద్దు."

ప్లాట్‌ఫాం మీద స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. రెండు రైళ్లు వెళ్లిపోయాయి. టైము చూసుకుంటూ నేను పళ్లు నూరుకున్నాను. మూడోదాని తలుపులు తెరుచుకున్నాయి. అత్త లోపలికి తొంగి చూసింది. జనం గోడలకు వీపులానించి ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె ముఖం విప్పారింది.

"వీళ్లంతా పక్కకు చూసి కూచోనుండారే," అంటూ నాకంటే ముందే ఎక్కేసింది. "నేను ఉత్తరానికి చూసి కూచుంటా. పడమటికి పోయేది రైలు. దోషముంటే దానికే."

నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

దిగాక ఎస్కలేటర్ కూడా రైలు పోయే దిక్కుకే ఉంది. అత్త నా చెయ్యి పట్టుకుని అడ్డంగా తిరిగి నిలబడింది. పొద్దున్నుంచీ ఆమెను తిట్టుకున్న నేను, ఏమనుకున్నానో, నేనూ అడ్డంగా తిరిగాను. వెనకున్నవాళ్లు నవ్వితే నవ్వారు.

పదీ ఇరవైకి జనని చేతికి మొదటి గాజు పడింది.

"శుక్రవారం ఎట్ల వస్తివి అవ్వా?" అంది జనని, కళ్లు తుడుచుకుంటూ.

"నేనేడ వస్తిని? రైలే తెచ్చె," అంది అత్త, రెండో గాజు అందుకుంటూ.